ముల్లైన ఆకు, బోనైన ఆకు: అరకు కొండలలో పత్ర రూపాంతరములు

ఆకు అనగానే మనకు పచ్చదనము స్ఫురించును. గాలినుండి బొగ్గుపులుసు వాయువును, వేళ్ళు తెచ్చిన నీటిని గ్రహించి, సూర్యరశ్మి సాయముతో చక్కెరను సిద్ధము చేయుట దాని స్వధర్మము. కిరణజన్య సంయోగక్రియ యను ఈ వ్యాపారమును గూర్చి చిన్న తరగతులనుండియు చదువుచునే యున్నాము. కాని ఆకు ఈ యొక్క పనికే పరిమితమై యుండలేదు. ఎగబ్రాకుటకు చేయిగా, కాచుకొనుటకు ముల్లుగా, దాచుకొనుటకు కొట్టుగా, పురుగును పట్టుటకు బోనుగా మారినది. ఈ మార్పులనే శాస్త్రకారులు పత్ర రూపాంతరములందురు.

తెలుగు బోధించు మాకు వృక్షశాస్త్రముతో ప్రసక్తి ఏమని కొందరు అడుగవచ్చును. ప్రసక్తి రెండు విధములుగా కలిగినది. 1968లో తెలుగు అకాడమి స్థాపింపబడి కళాశాల చదువు తెలుగులోనికి వచ్చిన నాటినుండి పత్రపుచ్ఛము, గ్రీవకోరకము, ప్రభాసనము వంటి మాటల అర్థము కోరి విజ్ఞానశాస్త్ర విద్యార్థులు తెలుగు శాఖ గుమ్మము తొక్కుట పరిపాటి యైనది. ఇంటిలో ఉర్దూ, తరగతిలో తెలుగు, పెద్ద గ్రంథములలో ఆంగ్లము. ఈ మూడింటి నడుమ నలుగు మన విద్యార్థికి ఈ మాటలు కంఠపాఠమైనంత సులభముగా కంటికి అలవడుట లేదు. ఇది మొదటి ప్రసక్తి. వృక్షశాస్త్ర శాఖవారి విజ్ఞానయాత్రలో మేమును తోడుగా అరకులోయకు వెళ్ళుట రెండవది.

ఆ యాత్రలో మేము గమనించిన దొకటి గలదు. పాఠ్యగ్రంథపు పట్టికలోని మొక్క ఎదురైనచో విద్యార్థులు రూపాంతరము పేరు తడుముకొనక చెప్పిరి. పట్టికలో లేని మొక్క ఎదురైనచో మౌనము వహించిరి. కొండకు పట్టిక తెలియదు గదా! కావున పట్టికలో లేని మొక్క ముందు నిలిచినప్పుడు ఏమి చూడవలెనో చెప్పుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

చూడవలసినది రూపము కాదు, స్థానము. ఆకు కాండముపై ఎక్కడబడితే అక్కడ పుట్టదు, కణుపువద్దనే పుట్టును. ఆకునకును కాండమునకును నడుమ ఏర్పడు మూలలో, అనగా గ్రీవమున, ఒక మొగ్గ యుండును. అదియే గ్రీవకోరకము. కొమ్మ యైనను, పూవైనను సాధారణముగా అచ్చటినుండియే వెలువడును. కాబట్టి ఒక అవయవము కణుపువద్ద పుట్టి, తన ఒడిలో మొగ్గను పెట్టుకొని యున్నచో, అది పచ్చగా ఉన్నను లేకున్నను, పలుచగా ఉన్నను దబ్బనమువలె ఉన్నను, ఆకేయని గ్రహింపవలెను. అట్లుగాక అది తానే మరొక ఆకుయొక్క ఒడినుండి వెలువడినచో కాండపు పరిణామమని తెలిసికొనవలెను. ఆకునకు పీఠము, వృంతము, దళము అను మూడు భాగములును, పీఠమునకు ఇరువైపుల పత్రపుచ్ఛములను చిన్న తోకలును ఉండుననియు గుర్తుంచుకొనవలెను. మొత్తము ఆకు మారవచ్చును. ఈ భాగములలో ఏదో యొకటి మాత్రమే మారవచ్చును.

ఈ సూత్రమును మొదట ముల్లుపై పరీక్షింతము. తెలుగులో గుచ్చుకొను ప్రతిదియు ముల్లే. ఉర్దూలో కాంటా అన్నను అంతే. నడచువానికి ఆ యొక్క మాట చాలును; పాదమునకు పుట్టుక విచారముతో పనిలేదు. శాస్త్రమునకు చాలదు. తుమ్మ ముళ్ళను చూడుడు: ప్రతి ఆకు మొదట జంటగా నిలిచి యుండును. అవి పత్రపుచ్ఛములు. రేగుచెట్టునకును అట్లే, జంటలో తరచుగా ఒకటి నిటారుగాను, రెండవది కొక్కెమువలె వంగియు ఉండును. రేగుపండ్లకు చేయి చాచినవాడు చొక్కా వదలించుకొనుటకు పడు పాట్లు ఆ వంపు మహిమయే. మారేడు ముల్లు ఆకు గ్రీవమునుండి పుట్టును గనుక అది కాండ పరిణామము. బూరుగు మానుపై ముళ్ళు కణుపు లేదు, వరుస లేదు, ఎక్కడబడితే అక్కడ లేచును. గులాబి ముళ్ళును అంతే. అవి పైపొరనుండి మొలచినవి. ఆకులును కావు, కొమ్మలును కావు. గట్టిగా ప్రక్కకు నొక్కినచో ఊడివచ్చును. పరీక్షలో ఈ ఐదింటికిని ‘ముల్లు’ అని ఒకే సమాధానము వ్రాసినచో అది తప్పనలేము గాని, మార్కులు రావు.

అరకు అడవి అంచులలో పొదలమీద అల్లుకొను పిల్లిపీచర ఈ పరీక్షకు చక్కని సందర్భము. దీని తెల్లని పీచు గడ్డలు శతావరియను పేర ఆయుర్వేదమున ప్రసిద్ధములు. సూదులవలె సన్నగా, పచ్చగా గుత్తులుగా నున్నవాటిని చూచి విద్యార్థు లందరును ఆకులందురు. క్రిందనున్న ముల్లును ముల్లందురు. కణుపువద్ద నిదానించి చూచినచో కథ తారుమారగును. ఆ ముల్లే ఆకు. దాని గ్రీవమునుండి వెలువడిన పచ్చని సూదులు కాండములు. ఆకు తన పనిని కొమ్మకు అప్పగించి, తాను కావలి ఉద్యోగమునకు చేరినదన్నమాట.

నాగజెముడు విషయమును ఇట్టిదే. మన ఉర్దూ మిత్రులు దీనిని నాగ్‌ఫనీ యందురు. తెలుగువాడును ఉర్దూవాడును అందులో పామునే చూచుట వినోదకరము. ఆ పడగ ఆకు కాదు, పత్రాభకాండము. లేత పడగపై చిన్న మేకులవంటి నిజమైన ఆకులు కొలది దినములుండి రాలిపోవును. మిగిలిన ముళ్ళ కుచ్చులు గ్రీవకోరకములనుండి పుట్టిన ఆకులే. దళసరి పడగ నీటిని దాచుకొనును. ఆకులు ముళ్ళగుటచే భాష్పోత్సేకమున ఆ నీరు గాలిపాలు కాదు. పశువు నోరు పెట్టదు. ఇంత కట్టుదిట్టము చేసికొన్న మొక్కకును పగవాడు దొరకినాడు. 1795లో ఎర్రరంగు కొరకు బ్రెజిల్‌నుండి కొచినీల్ పురుగును భారతదేశమునకు తెచ్చిరి. వచ్చినది కోరిన జాతి కాదు. రంగు వ్యాపారము ఫలింపలేదు గాని, ఆ పురుగు ఒక జాతి నాగజెముడును పెద్ద యెత్తున నాశనము చేసినది. కలుపు మొక్కను పురుగుచే నిర్మూలింపవచ్చునని లోకమునకు తెలిపిన తొలి ఉదాహరణములలో ఇదియొకటి.

ముల్లు ఆకగుట వింతయే. పూవు ఆకగుట అంతకన్న వింత. మన కళాశాల ఆవరణలో సైతము కాగితపు పూల తీగ గలదు. ఆ గులాబిరంగు రేకులు పూరేకులు కావు. అవి పుష్పపుచ్ఛములను ఆకులు. మూడేసి ఆకుల నడుమ సన్నని గొట్టములవలె నున్న మూడు చిన్న తెల్లని పూవులే అసలు పూవులు. మరి ఆ తీగకున్న ముల్లు? అది గ్రీవమునుండి పుట్టిన కాండము. ఆకనుకొనదగినది కాండమై, పూవనుకొన్నది ఆకైనది! జర్మన్ మహాకవి గేటే 1790లో మొక్కల రూపపరిణామమును గూర్చి గ్రంథము వ్రాసి, మొక్కయందలి పార్శ్వావయవములన్నియు ఆకుయొక్క మారు రూపములేనని ప్రతిపాదించినాడు. కవికిని వృక్షశాస్త్రమునకును ప్రసక్తి లేదనువారికి మేము ఆయన పేరే చెప్పుదుము.

ఇక ఎగబ్రాకు ఆకులు. అడవిలో వెలుతురు పైననుండును. మాను కట్టుటకు శక్తి లేని మొక్క మరొక దానిని పట్టుకొని పైకి పోవలెను. బఠాణీ మొక్కలో ఆకు కొసనున్న చిరుదళములు నులితీగలైనవి. ఈ కొండలలో పెరుగు స్మైలాక్స్ తీగలో వృంతము మొదట ఇరువైపుల రెండు నులితీగలు పుట్టును. వాటిని పత్రపుచ్ఛ పరిణామములుగా మన గ్రంథములు చెప్పును. విస్తళ్ళు కుట్టు ఆకునిచ్చు అడ్డతీగకును చుట్టలు చుట్టుకొన్న నులితీగలున్నవి. అవి మాత్రము కాండమునకు చెందినవి. అడ్డతీగ ఆకు రూపము మార్చుకొనలేదు. గిరిజన స్త్రీలే దానిని కోసి, ఎండబెట్టి, వెదురు పుల్లలతో కుట్టి, మైదానపు పెండ్లిపందిళ్ళకు పంపుచున్నారు. ఇది ప్రకృతి చేసిన రూపాంతరము కాదు గాని, ఎన్నో కుటుంబములకు అన్నము పెట్టిన రూపాంతరము.

నులితీగలలో అన్నింటికన్న శ్రద్ధగా చూడవలసినది అడవినాభి. పొత్తిదుంప యనియు దీనికి పేరు. తొలకరితో మొలచి, పొదలపై ప్రాకి, పసుపు ఎరుపు కలిసిన జ్వాలలవంటి పూవులు పూయును. అందుచేతనే అగ్నిశిఖ యన్నారు. ఆకు వెదురాకువలె పొడవు. కొస మాత్రము సన్నగిలి గడియారపు స్ప్రింగువలె చుట్టుకొని, అందినదానిని పట్టుకొనును. ఆకు క్రింది భాగము ఆహారము తయారుచేయుచుండగా కొస చేయిగా పనిచేయును. భూమిలోపలి దుంప నాగలివలె రెండు పాయలుగా చీలి యుండుటచే సంస్కృతమున లాంగలి యైనది.

ఆ దుంపలోను, గింజలలోను కొల్చిసిన్ అను విషము గలదు. మోతాదు తెలిసిన వైద్యుని చేత అది గౌటు వ్యాధికి మందు, తెలియనివానికి ప్రాణాంతకము. ఈ కొండలలోనే, ఈ పొదలలోనే, తినదగిన అడవిదుంపల తీగలును పెరుగును. గిరిజనులకు అవి గడ్డుకాలపు ఆహారము. చలికాలము వచ్చుసరికి అడవినాభి ఆకులు ఎండి రాలిపోవును. అప్పుడు త్రవ్వినవాని చేతికి వచ్చునది దుంప మాత్రమే. దుంపను దుంపగా పొరబడి తిని మరణించినవారి వృత్తాంతములు భారతదేశమునందును శ్రీలంకయందును వైద్య గ్రంథములకెక్కినవి. కావున వానకాలమున ఆ తీగను చూచినవాడు మూడు గుర్తులు చూచుకొనవలెను. తినదగిన అడవిదుంప తీగలు తమ కాండమునే ఆధారమునకు చుట్టును. వాటి ఆకునకు స్పష్టమైన వృంతముండును. ఆకు కొసన చుట్ట ఉండదు. అడవినాభి ఆకునకు వృంతము లేదు. కొసన చుట్ట ఉండును. ఈ గుర్తులు అడవినాభిని తప్పించుకొనుటకే గాని, తక్కిన దుంప లన్నియు తినదగినవని చెప్పుటకు కావు. అడవిదుంపలలోను కొన్ని చేదువి, కొన్ని విషపువి. వండు పద్ధతి తెలిసిన గిరిజన వృద్ధురాలి మాటయే అక్కడ ప్రమాణము. తెలుగుపేరును మరొకసారి చదువుడు. నాభి యనగా మన వైద్యములో వసనాభి, అనగా విషము. పేరు పెట్టినవారు పేరులోనే హెచ్చరిక పెట్టి పోయినారు. లాటిను పేరు వచ్చినదని అట్టి పేరును మరచుట మేలు కాదు.

దాచుకొను ఆకుల సంగతి మన వంటయింటిలోనే గలదు. ఉల్లిగడ్డ గడ్డ కాదు; అడుగున నున్న చిన్న బిళ్ళ కాండము, పొరలన్నియు ఆకుల మొదళ్ళు. కొండవాలులలో పెరుగు నక్కవుల్లిగడ్డయు ఇట్టిదే. కలబంద ఆకులో జిగురు నీరు నిండియుండును. వీనిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు.

రణపాలను గూర్చి మాత్రము చెప్పవలెను. ఆకు అంచున నున్న నొక్కులలో మొగ్గలుండును. తడినేల తగిలినచో ఒక్కొక్క నొక్కునుండి ఒక్కొక్క పిల్లమొక్క లేచును. విద్యార్థులకు తెలిసిన సంగతి ఇంతవరకే. ఆ ఆకును తెల్లవారుజామున నమిలినచో పుల్లగాను, మధ్యాహ్నము చప్పగాను ఉండును. ఈ సంగతిని విజ్ఞానలోకమునకు తెలియజేసినవాడు బెంజమిన్ హైన్. తూర్పుకనుమల పాదమున, మన సామర్లకోటలో నున్న ఉద్యానవనమును విలియం రాక్స్‌బర్గు తరువాత నిర్వహించిన వైద్యుడాయన. రణపాల ఆకు రుచిని గూర్చిన ఆయన లేఖ 1815లో లండనులోని లిన్నేయస్ సంఘ పత్రికలో ప్రచురితమైనది. కారణము చాలకాలమునకు గాని తేలలేదు. ఎండవేళ పత్రరంధ్రములు తెరచినచో నీరు పోవును గనుక రణపాల వాటిని రాత్రివేళ తెరచి, బొగ్గుపులుసు వాయువును గ్రహించి, మాలికామ్లముగా మార్చి దాచుకొనును. పగలు రంధ్రములు మూసికొని, దాచినదానిని వెలికితీసి, ఎండతో చక్కెర చేయును. తెల్లవారుజామున నాలుకకు తగిలిన పులుపు ఆ నిల్వసరకే. దళసరి ఆకు నీటికి మాత్రమే కాక గాలికిని కొట్టైనదన్నమాట. నాలుకతో కనిపెట్టిన శాస్త్ర సత్యములలో ఇంత గొప్పది అరుదు.

అనంతగిరి మార్గమున పెద్దమానుల కొమ్మలమీద ఓకు ఆకు ఫెర్నును చూడవచ్చును. శాస్త్రమున దీనిని డ్రైనేరియా యందురు. దీనికి రెండు రకముల ఆకులు. పొడవుగా, పచ్చగా నిలుచునవి ఆహారము చేయును, సిద్ధబీజములను మోయును. మొదట పొట్టిగా, వృంతము లేక, మానునకు అంటుకొని, కొద్దికాలమునకే గోధుమరంగు దాల్చునవి రెండవ రకము. ఇవి ఎండినను రాలవు. పైనుండి రాలు చెత్తను, దుమ్మును గిన్నెవలె పట్టి నిలుపును. అది కుళ్ళి ఎరువగును. ఆ ఎరువులోనికే మొక్క వేళ్ళు చొచ్చును. నేల అందని చోట మొలచిన మొక్క ఆకులతో తన నేలను తానే కట్టుకొనుచున్నది.

అరకు పేరు నేడు దేశదేశములకు తీసికొనిపోవుచున్నది కాఫీ. అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. సిల్వర్ ఓకు చెట్ల నీడలో, మిరియపు తీగల ప్రక్కన పెరుగు ఆ కాఫీమొక్క ఆకును తిరగవేసి, నడిమి ఈనెనుండి ప్రక్క ఈనెలు చీలు మూలలను భూతద్దముతో చూడుడు. ప్రతి మూలలోను చిన్న గుంట కనబడును. చాలమంది దానిని తెగులనుకొందురు. తెగులు కాదు, కంటికి ఆనని నల్లి జాతి జీవులకు మొక్క కట్టియిచ్చిన గది. అందు నివసించు కొన్ని నల్లులు ఆకును పీల్చు ఇతర నల్లులను తినునవి. మరికొన్ని ఆకుపై పెరుగు బూజును తినునవి. ఆకు గది యిచ్చును, అద్దెకు బదులు కాపలా పొందును. ఇంత చిన్న రూపాంతరమును మేము ఏ పరీక్షాపత్రములోను చూడలేదు. కాని మనము త్రాగు కాఫీ వెనుక ఆ కాపలావారి శ్రమయు కొంత గలదు.

రోడ్ల వెంబడి విరివిగా నాటిన ఆస్ట్రేలియా తుమ్మను గూర్చి ఒక్క మాట. కొడవలివలె వంగిన దాని ఆకు దళము కాదు; వెడల్పైన వృంతము. దీనినే ప్రభాసనమందురు. లేత మొలకలో మొదట తుమ్మాకువంటి చిరుదళముల ఆకులు వచ్చి, క్రమముగా వృంతము వెడల్పగుచు చిరుదళములు మాయమగును. నర్సరీలో మొలకను చూచినవానికి ఇది వేరుగా బోధింపనక్కరలేదు.

చివరకు బోను ఆకులు. తరగతిలో ఈ విషయము రాగానే అందరును కూజా మొక్కను వర్ణింతురు. అది మన కొండలలో లేదు. భారతదేశమున మేఘాలయ ప్రాంతపు మొక్క. మన తూర్పుకనుమలలో చూడదగినది డ్రోసెరా. పోషకములు కొరవడిన తడినేలలో, గడ్డి పలుచనైన చోట, రూపాయి బిళ్ళంత ఎఱ్ఱని చక్రమువలె నేలకంటుకొని యుండును. ఆకుమీద గుండుసూదులవంటి రోమములు, వాటి కొసలందు ఎండకు మెరయు జిగురు బొట్లు. మంచుబిందువని వాలిన చిన్న పురుగు అంటుకొనును. అంచునందలి రోమములు దానిపైకి వంగును. మన డ్రోసెరా బర్మానీ జాతిలో ఈ వంపు కొలది సెకనులలోనే జరుగును. పిమ్మట జీర్ణరసములు ఊరి, పురుగు మెత్తని భాగములు కరగిపోవును. డార్విన్ మహాశయుడు డ్రోసెరాపై ఏండ్లతరబడి ప్రయోగములు చేసి, 1875లో కీటకాహార మొక్కలను గూర్చి ఒక గ్రంథమునే వెలువరించినాడు.

ఇచ్చట విద్యార్థులకు కలుగు భ్రమ యొకటి గలదు. పురుగును తిను మొక్కకు ఎండతో పనిలేదనుకొందురు. అది సరికాదు. డ్రోసెరా ఆకులో పత్రహరితమున్నది. చక్కెరను అది తానే చేసికొనును. పురుగునుండి తీసికొనునది నత్రజని, భాస్వరము వంటి లవణములు. నేల ఈయనిదానిని ఈగ ఇచ్చుచున్నది. దాని ప్రక్కనే నీరు నిలిచిన చోట, వరిమడి గట్లవెంబడి, చిన్న పసుపు లేక ఊదా పూవులతో యుట్రిక్యులేరియా కనబడును. దాని బోనులు ఆవగింజంతటి తిత్తులు. తిత్తిలోని నీటిని మొక్క బయటకు తోడి గోడలను లోపలికి బిగించి యుంచును. వాకిటి రోమమును నీటిపురుగు తాకగానే తలుపు తెరచుకొని, సెకనులో వెయ్యవ వంతు కాలములో నీటితోపాటు పురుగు లోపలికి పీల్చబడును. వృక్షజగత్తులో ఇంత వేగముగల కదలికలు బహు కొలది.

రాబోవు యాత్రకు వెళ్ళు విద్యార్థులకు సేకరణ విషయమున కొన్ని మాటలు. ఆకును త్రుంచి పుస్తకములో పెట్టుకొని వచ్చినచో అది కుతూహలమునకే గాని పరిశీలనకు పనికిరాదు. కణుపుతోకూడ, గ్రీవకోరకము కనబడునట్లు, చిన్న కొమ్మను తేవలెను. స్థానము పోయిన తరువాత ముల్లు ఆకో కొమ్మయో బ్రహ్మకైనను తెలియదు. పిల్లిపీచరకు, ఆస్ట్రేలియా తుమ్మకు, కాఫీకి ఇది చాలును. కాఫీతోటలో యజమాని అనుమతి ముందుగా అడుగవలెను. అడవినాభిని తాకిన చేతులు కడుగుకొనక భోజనమునకు కూర్చుండరాదు. అక్కడి బగత, కొండదొర, పోర్జ, గదబ కుటుంబములవారు చెప్పిన పేరును వారు పలికినట్లే పక్కన వ్రాసికొనవలెను. రాక్స్‌బర్గు రెండువందల ఏండ్ల క్రిందట కోరమాండల్ తీరపు మొక్కలకు తెలుగు పేర్లను అట్లే వ్రాసికొనెను. డ్రోసెరాను మాత్రము పెరకవలదు. అది పెరుగు తడి పచ్చికలు ఇప్పటికే దున్నకములోనికి, కట్టడముల క్రిందికి పోవుచున్నవి; పాలిథీన్ సంచిలో తెచ్చినను విశాఖపట్నము చేరులోగానే వాడిపోవును. మోకాళ్ళపై కూర్చుండి భూతద్దముతో చూచి, అక్కడనే బొమ్మ గీసికొని రావలెను.